మితిమీఱిన పెరుగుదల

దామరవాయి గ్రామము తాడ్వాయి మండలములోనిది. 2016 మొదలు 2019 వఱకు భూపాలపల్లి జిల్లాలో నుండి, పిదప ములుగు జిల్లాలో చేఱినది. ఆ గ్రామము చెంత పెద్ద పెద్ద రాతి పలకలను నిలిపి, వానిపై బండలు కప్పిన కట్టడము లనేకము గలవు. ప్రజలు వీనిని రాక్షస గుళ్లందురు. అంతటి బండల నెత్తినవారు మానవమాత్రులు కారనియు, తాటిచెట్టంత పొడవుగల రాక్షసులనియు ముసలివారు చెప్పగా పిల్లలు విందురు. పురావస్తు శాస్త్రజ్ఞులు మాత్ర మివి యినుము వాడుక నేర్చిన ప్రాచీన జనుల సమాధులని చెప్పుచున్నారు. ఆ జనులు మనవంటి మనుష్యులే. పలువురు కూడి చేసిన పని మనకు రాక్షసుల పనివలె నగపడుచున్నది.

ఘటోత్కచుడు, కుంభకర్ణుడు మొదలగువారి కథలు మన మెఱిగినవే. గొల్యాతు కథయు నట్టిదే. మన బైబిలులో నాతని పొడవు ఆరు మూరల జేనెడని యున్నది. ప్రాచీనమైన గ్రీకు అనువాదమునందును, మృత సముద్రము చెంత దొరికిన చర్మపు చుట్టయందును నాలుగు మూరల జేనెడని యున్నది. కథలలోని మహాకాయుల సంగతి యెట్లున్నను, నిజముగా మితిమీఱి పెరిగిన మనుష్యులు లోకములో గలరు. అట్టి పెరుగుదల చూచువారికి వరమువలె దోచును గాని యది వ్యాధి. ఆ వ్యాధి యెట్లు పుట్టును, ఎముకలను గుండె మొదలగు నవయవములను నేమి చేయును, దానిని మన యింటిలోనే యెట్లు గుర్తింపవచ్చును అను సంగతులను విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును దెలుపుటకై మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

1. శెనగగింజంత గ్రంథి

ముక్కు మొదటికి వెనుకను, మెదడునకు దిగువను, కపాలపుటడుగున నొక చిన్న గుంట గలదు. గుఱ్ఱపు జీనువలె నుండుటచేత శరీరశాస్త్రజ్ఞులు దానికి తురుష్కుల జీనని పేరు పెట్టిరి. ఆ గుంటలో శెనగగింజంత గ్రంథి యొకటి సన్నని కాడతో మెదడునుండి వ్రేలాడుచుండును. దాని బరువు సుమారు అర గ్రాము. దీనినే పీయూష గ్రంథి యనియు, పిట్యూటరీ గ్రంథి యనియు నందురు. నోటిలో లాలాజలము నూరించు గ్రంథులకువలె దీనికి నాళము లేదు. ఇది తాను చేసిన ద్రవ్యములను నేరుగా రక్తములోనికే విడుచును. ఇట్టి ద్రవ్యములకే హార్మోనులని పేరు.

ఈ గ్రంథి ముందుభాగము చేయు హార్మోనులలో పెరుగుదల హార్మోను ఒకటి. 191 అమైనో ఆమ్లములు గొలుసువలె కూడి యిది యేర్పడినది. ఇది దినమంతయు నొకేరీతిగా స్రవింపదు. విడతలు విడతలుగా వచ్చుచుండును. రాత్రి గాఢనిద్ర పట్టిన తొలి గంటలలో హెచ్చుగా వచ్చును. కావున పిల్లలకు నిద్ర చాలవలెనని పెద్దలు చెప్పు మాట వట్టిది కాదు. గ్రంథికి పైని మెదడులో నుండు హైపోథలామస్ అను భాగము ఒక హార్మోనుచేత దీనిని విడువుమనియు, మఱియొకదానిచేత నిలుపుమనియు ఆజ్ఞ యిచ్చుచుండును. పెరుగుదల హార్మోను రక్తముతో కాలేయమును జేరగా, కాలేయము ఐ.జి.ఎఫ్.-1 అను వేఱొక ద్రవ్యమును చేయును. ఎముకలను పెంచు పనిలో చాలభాగము దీనిదే. రక్తములో నిది చాలినంత కాగానే ఆ వార్త మెదడునకును గ్రంథికిని దెలిసి స్రావము తగ్గిపోవును.

మన యూరి చెరువును తలంచుకొనుడు. మడులు తడిసినంతనే నీరటి తూము మూయును. ఆ తూము మూతపడక రాత్రింబగళ్లు నీరు పాఱినచో పైరు బాగుపడదు, కుళ్లిపోవును. ఈ వ్యాధిలో జరుగునది యిట్టిదే. గ్రంథిలోని కొన్ని కణములు అదుపు తప్పి చిన్న గడ్డగా పెరుగును. ఈ గడ్డ సాధారణముగా క్యాన్సరు కాదు. ఇతర స్థలములకు ప్రాకదు. అయినను ఎవరి యాజ్ఞయు లేకయే హార్మోనును విడుచుచునే యుండును. ఇట్టి రోగులలో నూటికి తొంబదియైదుగురికి పైగా కారణ మీ గడ్డయే.

ఈ గ్రంథికిని పెరుగుదలకును గల సంబంధము తొందరగా దెలిసినది కాదు. 1921వ సంవత్సరమున కాలిఫోర్నియాలో హెర్బర్టు ఇవాన్సు, జోసెఫ్ లాంగు అను శాస్త్రజ్ఞులు పశువుల పిట్యూటరీ గ్రంథి ముందుభాగమునుండి తీసిన సారమును ఎలుకలకు సూదితో నెక్కించి చూచిరి. ఆ యెలుకలు తమ తోడి యెలుకలను మించి పెరిగి మహాకాయములయ్యెను. 1944లో చో హావ్ లీ అను శాస్త్రజ్ఞుడు ఇవాన్సుతో గూడి పశువుల గ్రంథులనుండి ఈ హార్మోనును శుద్ధముగా వేఱుచేసెను.

2. ఎముకలు పెరుగు విధము

తొడ యెముక వంటి పొడుగాటి యెముకను పరీక్షించినచో పిల్లలలో దాని రెండు కొనల చెంత మెత్తని మృదులాస్థి పలక యొకటి యుండును. ఆ పలకలోని కణములు వృద్ధిపొందుచు, వెనుకటి కణములు గట్టిపడి యెముకగా మాఱుచు నుండుటచేత ఎముక పొడుగగును. యౌవనము వచ్చినపుడు పుట్టు హార్మోనుల ప్రభావముచేత నీ పలకలు క్రమముగా నెముకగా మాఱి మూతపడును. ఇది బాలికలలో సాధారణముగా పదునాలుగు మొదలు పదునాఱేండ్ల లోపలను, బాలురలో పదునాఱు మొదలు పదునెనిమిదేండ్ల లోపలను జరుగును. ఆ పిమ్మట ఎవ్వరును పొడుగెదుగరు.

ఈ పలకలు మూతపడక ముందే హార్మోను మితిమీఱినచో ఎముకలు పొడవుగా పెరిగి బిడ్డ మహాకాయుడగును. దీనికి అతికాయత యని పేరు. గడ్డ యొత్తిడిచేత గ్రంథియొక్క యితర హార్మోనులు తగ్గి యౌవనము రాక యాలస్యమైనచో పలకలు తెఱచుకొనియే యుండి పెరుగుదల యింకను సాగును. పలకలు మూతపడిన తరువాత హార్మోను మితిమీఱినచో మనుష్యుడు పొడుగెదుగడు. కాని యెముకలను గప్పియున్న పొర క్రొత్త యెముకను జేర్చుచు వానిని లావెక్కించును. దీనికి ఆక్రోమెగలీ యని పేరు. మొదటిదానిలో దేహము తాటిచెట్టువలె పైకి పోవును. రెండవదానిలో మఱ్ఱిమానువలె లావగును. హార్మోను మాత్ర మొక్కటే.

లావెక్కిన యెముక బలమైనదని తలంపరాదు. ఈ రోగులలో ఎముక చూచుటకు దిట్టముగా నుండియు, లోపలి యల్లిక చెడుటచేత వెన్నుపూసలు నలిగి విఱుగుచుండును, వెన్ను గూనియగును. కీళ్లలోని మృదులాస్థి మొదట దట్టమై, పిదప చీలి యరిగిపోవును. అందుచేత మోకాళ్లయందును, తుంటియందును, వెన్నునందును తీఱని నొప్పులు గలుగును. మణికట్టులో నరము నొక్కుకొని వ్రేళ్లు తిమ్మిరెక్కును.

3. ఇద్దఱు యువకులు

చార్లెసు బర్ను ఐర్లండు దేశస్థుడు, 1761లో పుట్టెను. 1782లో లండను పట్టణమునకు వచ్చి, రుసుము చెల్లించినవారికి తన దేహమును జూపి జీవించెను. అతని యెముకల గూడు పొడవు సుమారు 231 సెంటీమీటర్లు. 1783లో ఇరువదిరెండేండ్ల ప్రాయమున మరణించెను. తాను చచ్చిన పిదప శస్త్రవైద్యులు తన శవమును గోయుదురని భయపడి, తన్ను సముద్రములో ముంచుడని స్నేహితులను వేడుకొనెనని చెప్పుదురు. అట్లు జరుగలేదు. జాను హంటరు అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు శవమును సంపాదించి, ఎముకల గూటిని తన వస్తుశాలలో నిలిపెను. రెండువందల యేండ్లకు పైగా జనులు దానిని చూచుచుండిరి. 2023లో హంటరు వస్తుశాలను మఱల తెఱచినపుడు ఆ గూటిని ప్రదర్శనమునుండి తొలగించిరి. పరిశోధనకు మాత్రము భద్రపఱచియున్నారు.

ఆ యెముకలు విజ్ఞానమునకు తోడ్పడినవనుట నిజమే. 1909లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగు ఆ కపాలమును తెఱపించి చూడగా, పిట్యూటరీ యుండెడి గుంట పెద్దదై యుండుట తెలిసినది. 2011లో అతని పంటినుండి తీసిన డి.ఎన్.ఏ.ను పరీక్షించినవారు, ఏ.ఐ.పి. అను జన్యువులో దోషమున్నట్లు కనుగొనిరి. అదే ప్రాంతమున నేటికిని జీవించుచున్న కొన్ని రోగుల కుటుంబములలో సరిగా నదే దోషము కనబడినది. కావున ఈ వ్యాధి కొలదిమందిలో వంశపారంపర్యముగా వచ్చునని తెలియుచున్నది. అయినను ఒక మనుష్యుని తుది కోరికను త్రోసివైచి విజ్ఞానము సంపాదించుట న్యాయమా యను ప్రశ్న నిలిచియే యున్నది.

రెండవవాడు రాబర్టు వాడ్లో. అమెరికాలో ఇల్లినాయిసు రాష్ట్రమునందలి ఆల్టను పట్టణమున 1918లో సామాన్యమైన బరువుతోనే పుట్టెను. పిదప ఆగక పెరిగి 272 సెంటీమీటర్ల పొడవయ్యెను. నిశ్చయముగా కొలిచి వ్రాసిన మనుష్యులలో ఇంతకంటె పొడుగరి లేడు. చూచినవారతని బలవంతుడనుకొనిరి. నిజమునకు అతడు కాళ్లకు ఇనుప పట్టీలు లేక నడువలేకపోయెను. పాదములయందు స్పర్శ సరిగా లేదు. 1940లో ఒక పట్టీ యొరసికొని చీలమండపై బొబ్బ లేచెను. అది చీము పట్టి, విషము దేహమంతట వ్యాపించి, జూలై 15వ తేదీన మరణించెను. అతనికిని ఇరువదిరెండేండ్లే. అతని యెముకలను ఎవరైనను త్రవ్వి తీసికొనిపోవుదురేమోయని భయపడి కుటుంబమువారు శవపేటికను కాంక్రీటుతో గప్పించిరి.

ఇద్దఱి బ్రదుకుల నడుమ నూటయేబదియేండ్ల యెడమున్నది. ఇద్దఱును ఇరువదిరెండవ యేటనే రాలిపోయిరి. ఇద్దఱును చచ్చిన పిదపనైనను తమ్ము చూపఱల కండ్లనుండి కాపాడుకొనవలసి వచ్చెను. విద్యార్థులారా, ఈ సంగతిని మఱవకుడు.

4. ఉంగరము చెప్పు మాట

పెద్దవారిలో వచ్చు ఆక్రోమెగలీని 1886లో పారిసు నగర వైద్యుడు పియరు మారీ వర్ణించి, ఆ పేరు పెట్టెను. అది గ్రీకు పదములతో నైన పేరు. దేహపు కొనలు పెద్దవగుట యని దాని యర్థము. చేతులు, పాదములు, దవడ, ముక్కు ముందుగా పెద్దవగును. క్రింది దవడ ముందునకు వచ్చును. పండ్ల నడుమ సందులు పడును. కనుబొమల యెముక ఉబ్బును. పెదవులును నాలుకయు దట్టమగును. గొంతు బొంగురుగా మాఱును. చర్మము దళసరియై చెమట హెచ్చుగా పట్టును.

ఈ మార్పులు తెలియనంత మెల్లగా వచ్చును. దినదినము చూచుచున్న భార్యకును భర్తకును బిడ్డలకును కనబడవు. అందుచేతనే వ్యాధి మొదలైన పిదప అయిదు మొదలు పదియేండ్లు గడచినగాని పలువురిలో ఇది బయటపడదు. వైద్యునికంటె ముందు దీనిని పసిగట్టగలవారు కంసాలి, గాజులవాడు, చెప్పులు కుట్టువాడు. పెండ్లినాటి యుంగరము వ్రేలికి పట్టకపోవుట, కాలి మెట్టెలు బిగిసి కోయించవలసి వచ్చుట, గాజుల కొలత పెరుగుట, నలువది యేండ్ల వయస్సున చెప్పుల కొలత హెచ్చుట — ఇవి పెద్దతనపు సహజ చిహ్నములు కావు. ఒడలు బలిసినందున నుంగరము బిగియవచ్చును. కాని దవడయు పాదమును కూడ పెరిగినచో సంశయింపవలెను. పదేండ్ల నాటి ఛాయాపటమును నేటి ముఖము ప్రక్కన నుంచి చూచుట యొక మంచి పరీక్ష. దానికి డబ్బు ఖర్చు కాదు.

5. లోపలి యవయవములు

ఎముకలే పెరిగిన బాధ కొంతయే. ఈ హార్మోను తాకని యవయవము దేహములో దాదాపు లేదు. గుండె గోడలు దట్టమై మొదట బలముగా కొట్టుకొనును. తరువాత బిరుసెక్కి, నిండుటకును ముడుచుకొనుటకును అశక్తమై అలసిపోవును. రక్తపు పోటు పెరుగును. చికిత్స లేని రోగుల యాయువు తఱుగుటకు ముఖ్య కారణములలో గుండెజబ్బు ఒకటి.

పెరుగుదల హార్మోను ఇన్సులినుకు ఎదురు నడచునది. అందుచేత రక్తములో చక్కెర పెరిగి పలువురికి మధుమేహము వచ్చును. నాలుకయు కంఠమునందలి కండరములును ఉబ్బుటచేత నిద్రలో గుఱక పెట్టుచు, నడుమ నడుమ ఊపిరి నిలిచిపోవుచుండును. పగలెల్ల కునికిపాట్లు వచ్చును. కాలేయము, మూత్రపిండములు, మెడలోని థైరాయిడు గ్రంథి పెద్దవగును. పెద్దప్రేగులో కండ మొటిమలు పుట్టవచ్చును.

ఇదిగాక గడ్డ తానున్నచోటనే చేయు కీడు వేఱు. పిట్యూటరీకి సరిగా పైని రెండు కండ్ల నరములు కలియు కూడలి గలదు. గడ్డ పైకి పెరిగి దానిని నొక్కినచో ఎదుట నున్నది కనబడును గాని ఇరుప్రక్కల నున్నది కనబడదు. బాటను దాటునపుడు ప్రక్కనుండి వచ్చు బండిని చూడలేకపోవుదురు. తలనొప్పియు విడువక వేధించును.

6. పరీక్షయు చికిత్సయు

ఇది అరుదైన వ్యాధి. పది లక్షల మందిలో ఏటేటా క్రొత్తగా ముగ్గురు నలుగురికి కనుగొనబడుచున్నదని లెక్క. కావున పొడుగైన ప్రతి బిడ్డయు రోగి యని తల్లిదండ్రులు బెంగపడకుందురు గాక. తల్లిదండ్రులు పొడవైనవారైనచో బిడ్డయు పొడవగుట సహజము. తన యీడువారికంటెను తన వంశమువారికంటెను మిక్కిలి వేగముగా పెరుగుచు, తలనొప్పియో చూపు మందమో గల బిడ్డను మాత్ర మాలస్యము లేక వైద్యునికి చూపవలెను.

పెరుగుదల హార్మోను విడతలుగా వచ్చును గనుక ఒక్కమాఱు రక్తములో దానిని కొలిచిన చాలదు. ఐ.జి.ఎఫ్.-1 నిలకడగా నుండును. ముందుగా దానిని కొలుతురు. అది హెచ్చుగా నున్నచో 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగింతురు. ఆరోగ్యవంతునిలో చక్కెర చేరగానే పెరుగుదల హార్మోను అడుగంటును. రోగిలో తగ్గవలసినంత తగ్గదు. పిదప ఎం.ఆర్.ఐ. యంత్రముతో గడ్డ నుండు చోటును, కొలతను చూతురు.

చికిత్సలో మొదటిది శస్త్రచికిత్స. తల తెఱువ నక్కఱలేదు. ముక్కు రంధ్రముగుండా సన్నని పనిముట్లను పంపి గడ్డను తీయుదురు. గడ్డ చిన్నదిగా నున్నప్పుడే సంపూర్ణముగా తీయుట సులభము. మిగిలినచో ఆక్ట్రియోటైడు, లాన్రియోటైడు అను సూదిమందులు స్రావమును తగ్గించును. పెగ్విసొమాంటు హార్మోను పనిచేయకుండ నడ్డగించును. క్యాబర్గొలీను మాత్రలు కొందఱికి పనిచేయును. అవసరమైనచో కిరణ చికిత్సయు గలదు. హార్మోను అదుపులోనికి వచ్చినచో చెమట, వాపు, గుఱక తగ్గును. చక్కెరయు గుండెయు బాగుపడవచ్చును. కాని పెరిగిన యెముక మఱల తఱుగదు. అందుచేతనే ముందుగా కనుగొనుట ముఖ్యము. ఒక యేడు ముందు కనుగొనుట ఒక యేడు యాయువును గాపాడుటయే.

మన ప్రాంతములో మహబూబాబాదునందు 2022లోను, జనగామయందును భూపాలపల్లియందును 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. మొదటి పరీక్షకు వాని యాసుపత్రులను గాని వరంగల్లులోని ఎం.జి.ఎం. ఆసుపత్రిని గాని చేరవచ్చును. అక్కడివారు అవసరమైనచో హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రికో, నిమ్సుకో పంపుదురు.

7. మన కర్తవ్యము

ఏటేటా బడి తెఱచిన దినములలో పిల్లల పొడవును తలుపు చట్టము మీద గీత గీసి, తేదీ వేసి యుంచుడు. ఈ గీతలు అతివేగమును జూపును. పెరుగవలసినంత పెరుగని బిడ్డనుగూడ జూపును. పొట్టివారమని చింతించి, లేక కండలు పెంచుకొనగోరి, వైద్యుని యానతి లేక పెరుగుదల హార్మోను సూదులు వేయించుకొను యువకులు గలరు. వారు పైని చెప్పిన బాధలను డబ్బిచ్చి కొనుక్కొనువారు.

మఱియొక మాట. తరగతిలో అందఱికంటె పొడవైనవానిని తాటిచెట్టనియు, దవడ పెరిగిన స్త్రీని రాక్షసి యనియు పిలుచువారిని మేము వినుచున్నాము. అట్లు పిలువబడినవారు జనులలోనికి వచ్చుటకు సిగ్గుపడి ఇంటిలో దాగుదురు. దాగినవారు వైద్యుని యొద్దకును పోరు. మన పరిహాసము వారి యాయువులో కొన్ని యేండ్లను హరించును. అట్టివాడు మీ తరగతిలో నున్నచో వానికి పేర్లు పెట్టకుడు. వెనుక బల్లమీద వాని కాళ్లకు చోటిచ్చి, తలనొప్పి యున్నదా, నల్లబల్ల ప్రక్కలు కనబడుచున్నవా యని మెల్లగా నడుగుడు. ఆ యుత్తరమును ఉపాధ్యాయునికి జెప్పుడు.